అమ్మకి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే "మీ అబ్బాయిని తెచ్చుకోండి" అంటున్నారా? హెల్త్ ప్లాన్ కాంట్రాక్ట్‌లో అసలేముందో చెప్తాను

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదండీ. అమ్మగారికి 67, గ్రీన్ కార్డ్ మీద వచ్చి రెండేళ్ళయింది, 65 దాటినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్‌కి ఇంకా టైమ్ ఉంది కాబట్టి కవర్డ్ కాలిఫోర్నియాలో, అంటే రాష్ట్రం నడిపే ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో, ఒక హెచ్ఎంఓ ప్లాన్ (తన నెట్‌వర్క్ డాక్టర్ల దగ్గరకే పంపే రకం) కొన్నారు. కార్డియాలజిస్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఫ్రంట్ డెస్క్ ఆవిడ "తెలుగు మా దగ్గర లేదు, మీ అబ్బాయిని తీసుకురండి, అయినా ఇప్పుడు ఇంగ్లీషే అఫీషియల్ లాంగ్వేజ్ కదా" అంది. దానికి తోడు ఏదో టెస్ట్‌కి అప్రూవల్ ఇవ్వట్లేదని ప్లాన్ నుంచి ఇంగ్లీషులో నాలుగు పేజీల లెటర్ వచ్చింది, దాన్ని తెలుగులో ఇవ్వమని అడిగే హక్కు ఉందా, ప్లాన్ కాంట్రాక్ట్‌లో ఇదంతా ఎక్కడైనా రాసి ఉంటుందా అని మీ ప్రశ్న.

ఉంటుందండీ. నేను ఈ పనిలో 14 ఏళ్ళుగా ఉన్నాను, మొదట్లో ఫోన్ మీద తెలుగు మెడికల్ ఇంటర్‌ప్రెటర్‌గా, తర్వాత ఒక హెల్త్ ప్లాన్‌లో లాంగ్వేజ్ అసిస్టెన్స్ రూల్స్ పాటిస్తున్నామా లేదా అని చూసే టీమ్‌లో. అందుకని రెండు వైపులా ఏం జరుగుతుందో నాకు తెలుసు, కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క విషయం బాగా పట్టుకోండి, మనవాళ్ళలో నూటికి తొంభై మంది ఇక్కడే తికమక పడతారు. మాట వేరు, కాగితం వేరు. అంటే మనిషి ఫోన్‌లోనో ఎదురుగానో కూర్చుని తెలుగులో చెప్పే ఇంటర్‌ప్రెటర్ సాయం ఒకటి, కాగితాలు తెలుగులో రాసి పంపడం ఇంకొకటి. రెండోదానికి జనాభా లెక్క ఉంటుంది, ఫలానా భాష మాట్లాడేవాళ్ళు ఇంతమంది దాటితేనే ఆ భాషలో డాక్యుమెంట్లు ట్రాన్స్‌లేట్ చేసి పెట్టాలి. మొదటిదానికి అలాంటి లెక్కేమీ లేదు. మీ ప్లాన్‌లో తెలుగు మాట్లాడే మెంబర్ మీ అమ్మగారు ఒక్కరే ఉన్నా సరే ఇంటర్‌ప్రెటర్ ఇవ్వాల్సిందే, పైసా తీసుకోకుండా ఇవ్వాల్సిందే. కాబట్టి "తెలుగు మా దగ్గర లేదు" అనేది సమాధానమే కాదు. వాళ్ళ దగ్గర మనిషి ఉండక్కర్లేదు, ఫోన్ ఉంటే చాలు, మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్లు అమ్మే కంపెనీలకి కనీసం 150 భాషల్లో టెలిఫోన్ ఇంటర్‌ప్రెటర్ అందుబాటులో పెట్టాలని ఫెడరల్ రూల్ ఉంది, తెలుగు లాంటి భాష అందులో లేకుండా పోదు.

ఇప్పుడు ఆ "అఫీషియల్ లాంగ్వేజ్" మాట సంగతి. 2025 మార్చి 1న ఇంగ్లీషుని అధికార భాషగా ప్రకటిస్తూ ప్రెసిడెంట్ ఆర్డర్ వచ్చిన మాట నిజమే, ఇంగ్లీషు సరిగా రానివాళ్ళకి భాషా సాయం అందాలని 2000లో క్లింటన్ ఇచ్చిన పాత ఆర్డర్ 13166ని అది రద్దు చేసింది, అది కూడా నిజమే. కానీ మీ అమ్మగారి హక్కు ఆ పాత ఆర్డర్ మీద నిలబడి లేదు. 1964 సివిల్ రైట్స్ చట్టంలో టైటిల్ సిక్స్ అని ఉంది, ప్రభుత్వ డబ్బు తీసుకునేవాళ్ళు జాతి, రంగు, పుట్టిన దేశం పేరుతో ఎవర్నీ వేరుగా చూడకూడదని. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లల కేసులో, లావ్ వర్సెస్ నికల్స్ అంటారు దాన్ని, భాష అర్థం కాకుండా వదిలేయడం కూడా ఆ వివక్ష కిందకే వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత 2010లో ఒబామా టైమ్‌లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్‌లో సెక్షన్ 1557 పెట్టారు, అది నేరుగా హాస్పిటళ్ళకీ డాక్టర్లకీ ఇన్సూరెన్స్ కంపెనీలకీ వర్తిస్తుంది. దాని రూల్స్ 2016లో ఒకసారి, 2020లో కొంత తగ్గించి ఒకసారి, మళ్ళీ 2024లో గట్టిగా చేసి ఒకసారి రాశారు. ఇవి చట్టం, చట్టం కింద వచ్చిన రూల్స్, ఒక ప్రెసిడెంట్ ఆర్డర్‌తో కొట్టేస్తే పోయేవి కావు. ఫ్రంట్ డెస్క్ వాళ్ళు టీవీలో విన్నది చెప్తారు, వాళ్ళతో వాదించి లాభం లేదు, మీరు మర్యాదగా "సెక్షన్ 1557 ఇంకా ఉందండీ, మీ ఆఫీస్ మేనేజర్‌తో మాట్లాడొచ్చా" అనండి చాలు.

కాలిఫోర్నియాలో అయితే దానికి మించి స్టేట్ చట్టం కూడా ఉంది, 2003లో పాసైన ఎస్‌బీ 853. దాని రూల్స్ ప్రకారం 2009 నుంచి హెల్త్ ప్లాన్లు మెంబర్‌కి ఎక్కడెక్కడ అవసరం పడుతుందో అక్కడల్లా ఇంటర్‌ప్రెటర్ ఇవ్వాలి, అంటే కస్టమర్ సర్వీస్ ఫోన్‌లోనే కాదు, డాక్టర్ గదిలో కూడా. అపాయింట్‌మెంట్ టైమ్‌కి ఇంటర్‌ప్రెటర్ రెడీగా ఉండేలా చూడాలి, ఇంటర్‌ప్రెటర్ దొరకలేదన్న వంకతో అపాయింట్‌మెంట్ వెనక్కి జరపకూడదు అని కూడా స్పష్టంగా రాసి ఉంది. ఇక్కడ మీ సమస్య ఎక్కడ పుట్టిందో చూడండి. ప్లాన్ వాళ్ళు మెడికల్ గ్రూప్‌తో, అంటే డాక్టర్ల బృందంతో, కాంట్రాక్ట్ పెట్టుకుంటారు, మెడికల్ గ్రూప్ ఆ కార్డియాలజిస్ట్‌తో పెట్టుకుంటుంది, ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి, బిల్లు మాది అని ప్లాన్ వాళ్ళు ప్రొవైడర్ మాన్యువల్‌లో రాసే ఉంచుతారు, కానీ ఆ మాన్యువల్ ఏ బీరువాలో ఉందో ఫ్రంట్ డెస్క్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి తెలీదు. నేను ఆఫీసులకి వెళ్ళి చెక్ చేసినప్పుడు ఎన్నిసార్లు చూశానో, ఇంటర్‌ప్రెటర్ లైన్ నంబర్ ఉన్న కార్డు ప్రింటర్ వెనకాల గోడకి అంటించి ఉంటుంది, దాని మీద క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. ఆ ఆఫీసు పాటించకపోయినా బాధ్యత మాత్రం ప్లాన్‌దే, పని కింద వాళ్ళకి అప్పగించినంత మాత్రాన ప్లాన్ చేతులు దులుపుకోవడానికి లేదు. అందుకే మీరు పట్టుకోవాల్సింది డాక్టర్ ఆఫీసుని కాదు, ప్లాన్‌ని.

అబ్బాయిని తెచ్చుకోండి అనడం గురించి. ఇది కూడా రూల్‌కి విరుద్ధమే. పేషెంట్ తన ఇంటర్‌ప్రెటర్‌ని తానే తెచ్చుకోవాలని గానీ డబ్బు కట్టాలని గానీ అడగకూడదు. పెద్దవాళ్ళెవరైనా కూడా వస్తే వాళ్ళతో చెప్పించడం ఎమర్జెన్సీలో అయితే సరే, లేకపోతే పేషెంటే స్వయంగా నాకు మా అబ్బాయే చెప్పాలి అని అడగాలి, అదీ అబ్బాయి పక్కన లేనప్పుడు క్వాలిఫైడ్ ఇంటర్‌ప్రెటర్ ద్వారా అడిగి కనుక్కుని ఫైల్లో రాయాలి, అబ్బాయి కూడా ఒప్పుకోవాలి. చిన్నపిల్లల్ని అయితే ప్రాణం మీదకి వచ్చి ఇంకెవరూ దొరకని పరిస్థితిలో తప్ప అసలు వాడకూడదు. ఇంత కఠినంగా ఎందుకు పెట్టారో బయట నుంచి చూస్తే అర్థం కాదు, మా అమ్మకి నాకంటే బాగా ఎవరు చెప్తారు అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించేది.

ఒక ఇంట్లో జరిగింది చెప్తాను. పెద్దావిడకి బీపీ మాత్ర మార్చారు, రోజుకి ఒకటి అన్నాడు డాక్టర్. పక్కన 12 ఏళ్ళ మనవడు, ఇక్కడే పుట్టిన పిల్లాడు, నానమ్మ అంటే ప్రాణం, తెలుగు బానే మాట్లాడతాడు అని ఇంట్లో అందరూ మురిసిపోయేవాళ్ళు. వాడు చెప్పిన మాట "పూటకొకటి నానమ్మా". వాడికి పూట అంటే రోజు అనుకున్నాడు పాపం. ఆవిడ టిఫిన్ తిని ఒకటి, అన్నం తిని ఒకటి, రాత్రికి ఒకటి వేసుకుంది, మూడో రోజు పొద్దున బాత్‌రూమ్‌లో కళ్ళు తిరిగి పడిపోయింది. ఎమర్జెన్సీ రూమ్ నుంచి నాకు కాల్ వచ్చింది, ఇంటర్‌ప్రెటర్‌గా. మాత్రలు ఎలా వేసుకుంటున్నారమ్మా అని డాక్టర్ అడిగిన ప్రశ్న నేను తెలుగులో అడిగాను, "మావాడు చెప్పినట్టే తల్లీ, పూటకొకటి" అంది. వెనకాల ఆ పిల్లాడు ఏడుస్తున్నది ఫోన్‌లో వినపడుతోంది. అది పిల్లాడి తప్పు కాదండీ, వాడి భుజాల మీద ఆ బరువు పెట్టిన ఆఫీసుది తప్పు.

పెద్ద కొడుకులైతే ఇంకో రకం ఇబ్బంది. ఒకావిడ గైనిక్ దగ్గరకి కొడుకుతో వెళ్ళేది, డాక్టర్ ఏమడిగినా "అంతా నార్మలే" అని. ఒకసారి డాక్టరే కొడుకుని బయట కూర్చోమని ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచింది, నేను లైన్‌లోకి వచ్చాను. రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు ఆవిడ. తర్వాత గొంతు తగ్గించి, ముట్లు ఆగిపోయి తొమ్మిదేళ్ళయింది, నాలుగు నెలల నుంచి మళ్ళీ కనపడుతోందమ్మా, వాడి ముందు ఎలా చెప్పను అంది. నాలుగు నెలలు. ఆ వయసులో అలా బ్లీడింగ్ అయితే వెంటనే పరీక్ష చేయించాల్సిన విషయం అది. కొడుకు మంచివాడే, తల్లిని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాడు, అయినా అతని ముందు ఆ మాట రాదు. మీరు కూడా దీన్ని మనసులో పెట్టుకోండి, మీ అమ్మగారికి గుండె సమస్యే కావచ్చు, కానీ మీకు తెలీనివి ఆవిడకి ఇంకేమున్నాయో.

మాటల సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇంటర్‌ప్రెటర్ అంటే రెండు భాషలొచ్చిన ఎవరైనా అనుకుంటారు. తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఆలోచించండి, పోటు, సలుపు, తీపు, మంట, లాగడం, తిమ్మిరి, తెలంగాణ వాళ్ళయితే కాళ్ళు గుంజుతున్నయ్ అంటారు, ఇవన్నీ ఒకటి కావు, డాక్టర్‌కి వీటిలో ఒక్కోటి ఒక్కో దారి చూపిస్తుంది. కళ్ళు తిరుగుతున్నాయి అంటే కంటి డాక్టర్ దగ్గరకి పంపిన సందర్భం నాకు తెలుసు. అన్నిటికంటే ప్రమాదం గ్యాస్. మనవాళ్ళు ఛాతీలో పట్టేసినా, బరువుగా ఉన్నా, అన్నిటికీ గ్యాస్ అనేస్తారు. ఒక పెద్దాయన "ఏం లేదమ్మా గ్యాస్ పట్టేసింది, ఏదైనా టాబ్లెట్ ఇమ్మను" అన్నారు, నేను ఉన్నదున్నట్టు చెప్పి, ఇంటర్‌ప్రెటర్‌గా ఒక మాట అని పర్మిషన్ తీసుకుని, తెలుగువాళ్ళు ఛాతీ నొప్పికి కూడా ఈ మాటే వాడతారు, ఎక్కడో చూపించమనండి అన్నాను. "ఇదిగో ఇక్కడ, ఎడమ రెక్కలోకి లాగుతోంది" అన్నారాయన, ఆ తర్వాత గదిలో అందరి గొంతులూ మారిపోయాయి. ఇలా అడగడం, ఎక్కడ ఆగాలో ఎక్కడ సొంత మాట కలపకూడదో తెలియడం, ఇదంతా ట్రైనింగ్‌లో వస్తుంది. రూల్‌లో క్వాలిఫైడ్ ఇంటర్‌ప్రెటర్ అన్న మాట వాడింది అందుకే. మన భాషకి ప్రత్యేకంగా సర్టిఫికేషన్ పరీక్ష లేదు, ఇంటర్‌ప్రెటర్లకి నేషనల్ సర్టిఫికేషన్ ఇచ్చే రెండు బోర్డులూ నోటి పరీక్ష పెట్టేది స్పానిష్, మాండరిన్ లాంటి కొన్ని భాషలకే, అయినా మిగతా భాషల వాళ్ళకి కామన్ పరీక్ష ఒకటుంది, ట్రైనింగ్ ఉంటుంది, రహస్యం కాపాడతామని ఒప్పందం ఉంటుంది.

ఆ రహస్యం మాట వచ్చింది కాబట్టి, మన పెద్దవాళ్ళకి ఒక భయం ఉంటుంది, లైన్‌లో వచ్చింది మనూరమ్మాయే అయితే రేపు గుళ్ళో కలిస్తే, నలుగురిలో చెప్తే అని. నన్ను ఎంతమంది అడిగారో, "మీది ఏ ఊరమ్మా, మీరు ఫలానా వాళ్ళ అమ్మాయేనా" అని. మేం పేరు చెప్పం, నంబర్ చెప్తాం, విన్నది ఎక్కడా చెప్పకూడదు, చెప్తే ఉద్యోగం పోతుంది. ఫోన్ ఇంటర్‌ప్రెటర్ ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చుని ఉంటారు చాలాసార్లు, ఆ విషయం అమ్మగారికి ముందే చెప్పండి, ధైర్యంగా ఉంటుంది.

సరే, ఇప్పుడు మీ లెటర్. ఇక్కడే లెక్కలు వస్తాయి. ఎస్‌బీ 853 కింద ఏ భాషల్లో కాగితాలు ట్రాన్స్‌లేట్ చేయాలంటే, పది లక్షలు అంతకంటే ఎక్కువ మెంబర్లున్న ప్లాన్ అయితే ఇంగ్లీషు కాకుండా టాప్ రెండు భాషలు, వాటికి తోడు 0.75 శాతం గానీ 15,000 మంది గానీ ఉన్న భాషలు. మూడు లక్షల నుంచి పది లక్షల ప్లాన్ అయితే టాప్ ఒక భాష, ఇంకా 1 శాతం లేదా 6,000 మంది. మూడు లక్షల లోపు ప్లాన్ అయితే 3,000 మంది లేదా 5 శాతం. మెడీ-కాల్‌లో, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకి స్టేట్ ఇచ్చే ఇన్సూరెన్స్‌లో, ఇంకో లెక్క, 3,000 మంది లేదా 5 శాతం, లేదా ఒకే జిప్ కోడ్‌లో 1,000 మంది, పక్కపక్కనున్న రెండు జిప్ కోడ్‌లలో కలిపి 1,500. మెడీ-కాల్ లిస్టులో హిందీ, పంజాబీ ఉన్నాయి, తెలుగు లేదు. ఫెడరల్‌లో అయితే డినయల్ లెటర్లకి కౌంటీలో 10 శాతం మంది అదే భాష వాళ్ళు, ఇంగ్లీషు రానివాళ్ళు ఉండాలి, అంత లెక్క దాటేవి చాలా చోట్ల స్పానిష్ ఒక్కటే, కొన్ని కౌంటీల్లో చైనీస్, టగాలోగ్, నవాహో లాంటివి. మెడికేర్ అడ్వాంటేజ్‌కి, అంటే ప్రైవేట్ కంపెనీలు నడిపే మెడికేర్ ప్లాన్లకి, 5 శాతం. కాబట్టి మీ లెటర్ తెలుగులో రాసి పంపమని పట్టుబడితే ప్లాన్ ఇవ్వకపోవచ్చు, అది వాళ్ళ తప్పు కింద రాదు.

కానీ ఆ లెటర్‌ని తెలుగులో చదివి వినిపించమని అడగొచ్చు. దీన్ని సైట్ ట్రాన్స్‌లేషన్ అంటారు, ఇంటర్‌ప్రెటర్ లైన్‌లో ఉండగా ప్లాన్ వాళ్ళు లెటర్‌లో ఉన్నది చెప్తూ ఉంటే అమ్మగారికి తెలుగులో వినపడుతుంది, మధ్యలో ఆపి ప్రశ్నలు కూడా అడగొచ్చు. ఇది మాట కిందకి వస్తుంది కాబట్టి జనాభా లెక్క లేదు. నిజం చెప్పాలంటే ఇదే నయం. నేను చూసిన తెలుగు ట్రాన్స్‌లేషన్లలో ప్రయర్ ఆథరైజేషన్‌ని "ముందస్తు అధికారం" అని రాశారు, డిడక్టిబుల్‌ని "తగ్గింపదగినది" అని రాశారు, ఏ అమ్మకి అర్థమవుతుంది చెప్పండి? మన ఇళ్ళలో అప్రూవల్ అంటారు, ముందు మన జేబులోంచి కట్టాల్సింది అంటారు. యాప్‌లో పెట్టి తిప్పినవైతే ఇంకా దారుణం, టెస్ట్ పాజిటివ్ వచ్చిందంటే "సానుకూలం" అని వస్తుంది, అది చదివి పెద్దాయన మంచి వార్తేలే అనుకున్నారు. 2024 రూల్‌లో దీనికి కూడా ఒక మాట పెట్టారు, ముఖ్యమైన కాగితాలకి మెషిన్ ట్రాన్స్‌లేషన్ వాడితే క్వాలిఫైడ్ ట్రాన్స్‌లేటర్ ఒకరు తప్పక సరిచూడాలని. మంచి పని చేశారు.

ఆ లెటర్ చివర్లో చిన్న అక్షరాలతో వేరే వేరే లిపుల్లో పది పదిహేను లైన్లు ఉంటాయి చూడండి, అందరం ఫ్లయర్ అనుకుని చింపేస్తాం. మీ భాషలో ఉచితంగా సాయం దొరుకుతుంది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని ఉంటుంది దాంట్లో. రాష్ట్రంలో ఇంగ్లీషు సరిగా రానివాళ్ళు ఎక్కువగా మాట్లాడే 15 భాషల్లో ఇది పెట్టాలి, 2025 జులై 5 నుంచి ఇది మళ్ళీ తప్పనిసరి అయింది, డినయల్ లెటర్లకీ, బిల్లు వివరాల కాగితాలకీ, కన్సెంట్ ఫారాలకీ, డిశ్చార్జ్ పేపర్లకీ, మెంబర్ హ్యాండ్‌బుక్‌కీ అన్నిటికీ. 2016లో మొదటిసారి ఈ లిస్టులు తయారుచేసినప్పుడు డెలావేర్ లాంటి చిన్న రాష్ట్రంలో తెలుగు 15లోకి వచ్చింది, ఇంతమంది మనవాళ్ళున్న కాలిఫోర్నియాలో రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచించారా? ఇక్కడ వేరే భాషల వాళ్ళు చాలా ఎక్కువమంది ఉన్నారు, అది ఒక కారణం. రెండో కారణం మనమే.

ఇది నేను చాలా బాధతో రాస్తున్నాను. ఆ లెక్కలు ఎక్కడి నుంచి వస్తాయి అనుకుంటున్నారు? సెన్సస్ వాళ్ళ సర్వేలో మూడు ప్రశ్నలుంటాయి, ఇంట్లో ఇంగ్లీషు కాకుండా వేరే భాష మాట్లాడతారా, ఏ భాష, ఇంగ్లీషు ఎంత బాగా మాట్లాడతారు అని. "చాలా బాగా" అన్నదానికంటే ఒక్క మెట్టు తక్కువ టిక్ పెట్టినా ఇంగ్లీషు పరిమితంగా వచ్చినవాళ్ళ లెక్కలో పడతారు. మన ఇళ్ళలో ఆ ఫారం నింపేది ఎవరు? కొడుకో కోడలో. అమ్మ గురించి ఏం టిక్ పెడతారు? చాలా బాగా, అని. ఎందుకో తెలీని ఒక నామోషీ. ప్లాన్ అప్లికేషన్‌లో కూడా అంతే, ఏ భాషలో మాట్లాడాలి, ఏ భాషలో కాగితాలు కావాలి అని రెండు బాక్సులు ఉంటాయి, ఇంగ్లీషు అని కొట్టేసి ముందుకు వెళ్ళిపోతాం, లేకపోతే వాళ్ళు తెలుగులో కాల్ చేస్తే మనకే ఇబ్బంది అని. మా టీమ్‌లో మెంబర్ల భాషల రిపోర్ట్ వచ్చినప్పుడు నేను తెలుగు లైన్ కోసం కిందికి వెతుక్కుంటూ వెళ్ళేదాన్ని. పేర్లు చూస్తే మనవాళ్ళని తెలిసిపోతుంది, రెడ్డి, రావు, చౌదరి, గౌడ్, లక్ష్మి, సత్యవతి, 70 ఏళ్ళ వయసు, ఎదురుగా భాష అన్న చోట ఇంగ్లీషు, ఇంగ్లీషు, ఇంగ్లీషు. ఆ పెద్దావిడలకి ఇంగ్లీషు రాదని నాకు తెలుసు, కానీ ప్లాన్‌కి తెలిసే దారే లేదు. ప్లాన్ మెంబర్ల లెక్కయినా, మెడీ-కాల్ జిప్ కోడ్ లెక్కయినా ఇలాంటి బాక్సుల్లోంచే పుడుతుంది.

అందుకని మీరు చేయాల్సిన మొదటి పని, ఈ రోజే, ప్లాన్ కార్డు వెనక ఉన్న మెంబర్ సర్వీసెస్ నంబర్‌కి ఫోన్ చేసి అమ్మగారి ఫైల్లో మాట్లాడే భాష తెలుగు, రాసే భాష తెలుగు అని మార్పించండి. ఫోన్‌లో ముందు ఇంగ్లీషుకి ఇది నొక్కండి, స్పానిష్‌కి అది నొక్కండి అని వస్తుంది, తెలుగు అని రాదు, మనిషి లైన్‌లోకి వచ్చేదాకా ఆగి "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అనండి, స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చెప్పండి, టి, ఈ, ఎల్, యు, జి, యు. హిందీ కాదు తమిళం కాదు అని కూడా చెప్పండి, ఇండియన్ అనగానే హిందీ ఆయన్ని కలిపేస్తారు చాలాసార్లు, ఆయన వచ్చి ఆప్ కో క్యా తక్లీఫ్ హై అంటే మన గుంటూరు అమ్మ బిక్కమొహం వేసుకుని సరే సరే అంటుంది. అమ్మగారినే మాట్లాడనివ్వండి, మీరు పక్కన ఉండండి. ఇంటర్‌ప్రెటర్ నంబర్, తారీఖు, టైమ్, అవతల మాట్లాడిన వాళ్ళ పేరు ఒక కాగితం మీద రాసుకోండి.

రెండోది, అదే కాల్‌లో కార్డియాలజిస్ట్ అపాయింట్‌మెంట్ డేట్ చెప్పి ఇంటర్‌ప్రెటర్ అరేంజ్ చేయమని అడగండి, కన్ఫర్మేషన్ నంబర్ తీసుకోండి. మనిషే రావాలని అడగొచ్చు, తెలుగుకి దొరక్కపోతే ఫోన్ గానీ వీడియో గానీ ఇస్తారు, అది కూడా చాలు. అపాయింట్‌మెంట్ ముందు రోజు ఆఫీసుకి ఇంకోసారి గుర్తు చేయండి. మీ ప్లాన్ కాంట్రాక్ట్ అంటే ఎవిడెన్స్ ఆఫ్ కవరేజ్ అని పెద్ద బుక్‌లెట్ ఉంటుంది, వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, అందులో లాంగ్వేజ్ అసిస్టెన్స్ అని వెతకండి, ఆ పేజీ ప్రింట్ తీసుకుని వెళ్ళండి. కాగితం చూపిస్తే మాట తీరే మారిపోతుంది, నేను కళ్ళారా చూశాను.

అప్పటికీ ఇవ్వకపోతే ప్లాన్‌లో గ్రీవెన్స్, అంటే ఫిర్యాదు, వేయండి, ఫోన్‌లో తెలుగులోనే వేయొచ్చు, మామూలుగా 30 రోజుల్లో, ఆరోగ్యానికి ప్రమాదం ఉండే అర్జెంట్ విషయమైతే మూడు రోజుల్లో జవాబివ్వాలి. అక్కడా తేలకపోతే కాలిఫోర్నియా డిపార్ట్‌మెంట్ ఆఫ్ మేనేజ్డ్ హెల్త్ కేర్ హెల్ప్ సెంటర్ ఉంది, ప్లాన్లు భయపడేది వాళ్ళకే. ఫెడరల్ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో సివిల్ రైట్స్ ఆఫీస్‌కి కూడా ఫిర్యాదు చేయొచ్చు, జరిగిన రోజు నుంచి 180 రోజుల్లోపు.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు మనం కొనే ట్రావెల్ ఇన్సూరెన్స్‌ని ఈ రూల్స్‌తో అడగడం కష్టం, అది ఈ రకం హెల్త్ ప్లాన్ కాదు. కానీ హాస్పిటల్ మెడికేర్ డబ్బు తీసుకుంటుంది కాబట్టి హాస్పిటల్ మాత్రం ఇంటర్‌ప్రెటర్ ఇవ్వాల్సిందే, వీసా ఏదైనా, ఇన్సూరెన్స్ ఏదైనా. ఆ విషయం తెలీక ఎమర్జెన్సీ రూమ్‌లో కంగారులో మనమే డాక్టర్‌కీ అమ్మకీ మధ్య నలిగిపోతాం. పెద్ద కంపెనీలు సొంత డబ్బుతో నడిపే ఎంప్లాయర్ ప్లాన్లకి లెక్క వేరే, 100 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ప్లాన్‌లో 500 మంది లేదా 10 శాతం, ఏది తక్కువైతే అది, ఒకే భాష మాత్రమే చదవగలిగితే ఆ భాషలో సాయం దొరుకుతుందని నోటీసు పెట్టాలి, అక్కడా డాక్టర్ ఆఫీసు బాధ్యత డాక్టర్ ఆఫీసుకి ఉంటుంది.

అపాయింట్‌మెంట్ రోజు ఫోన్ స్పీకర్‌లో పెట్టి అమ్మగారికీ డాక్టర్‌కీ మధ్య టేబుల్ మీద పెట్టించండి. డాక్టర్ మొహం చూస్తూ మాట్లాడమని, రెండు మూడు మాటలకోసారి ఆగమని ముందే చెప్పండి. ఇంటర్‌ప్రెటర్ "నేను" అంటే అది డాక్టరే అంటున్నట్టు అని కూడా చెప్పండి, చాలామంది ఈ అమ్మాయే డాక్టరా అనుకుని కంగారు పడతారు. ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి ఎప్పుడు ఆయాసం వస్తోంది, మెట్లెక్కితేనా, పడుకుంటేనా, ఆవిడ నోటితో ఏ మాట అంటే ఆ మాటే తెలుగులో రాసుకోండి, మీరు ఇంగ్లీషులోకి మార్చకండి.

ఇంక ఆ డినయల్ లెటర్ మీద తారీఖు చూడండి. అప్పీల్‌కి ఆ లెటర్ అందిన రోజు నుంచి 180 రోజులు ఉంటాయి. ఎన్ని రోజులు గడిచాయో, ఏ టెస్ట్ కాదన్నారో, కారణం కింద ఏం రాశారో ఆ ఒక్క పేరా ఇక్కడ టైప్ చేయండి, పేరు, మెంబర్ నంబర్ తీసేసి. చూసి అప్పీల్‌లో ఏం రాయాలో చెప్తాను.